ఒక్క షిఫ్టులో తీసిన రికార్డు

1969 అక్టోబర్ 16, గురువారం. లండన్‌లో రీజెంట్ సౌండ్ అనే స్టూడియో. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు ‘వికెడ్ వరల్డ్’ అనే పాట వాయించడం పూర్తిచేశారు. అంతలో గిటారు మూగబోయింది.

టోనీ అయోమీ చేతిలో ఉన్నది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. తీగ అదురును కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపే పికప్ అనే భాగం ఒకటి ఉంటుంది గిటారుకి. అదే పోయింది. విప్పి బాగుచేసే వ్యవధి లేదు. స్టూడియోలో వాళ్లకున్నది ఈ ఒక్క రోజే. మర్నాడు యూరప్‌లో కచేరీకి బయల్దేరాలి.

అవసరానికి పడి ఉంటుందని వెంట తెచ్చుకున్న రెండో గిటారు ఒకటుంది. ఎర్రటి గిబ్సన్ ఎస్‌జీ. టోనీ దాన్ని ఎత్తుకున్నాడు. ఆల్బమ్‌లో మిగతా పాటలన్నీ దాని మీదే వాయించాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ రకం గిటారుతోనే గడిపాడు. చెడిపోయిన ఒక్క పికప్ రాక్ సంగీతపు గొంతునే మార్చేసిందంటే అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, ఈ కథలో ఇంతకంటే వింత సంగతులున్నాయి.

ముందు ఆ చేతిని దగ్గరగా చూడాలి. టోనీది ఎడమచేతి వాటం. అంటే ఎడమచేత్తో తీగ మీటుతాడు, కుడిచేతి వేళ్లతో తీగల్ని నొక్కుతాడు. ఆ కుడిచేతి మధ్యవేలికీ ఉంగరపు వేలికీ చివళ్లు లేవు. ఆ చోట రెండు ప్లాస్టిక్ తొడుగులున్నాయి. వాటి మీద అతికించిన తోలు ముక్కలు.

* * *

నాలుగేళ్లు వెనక్కి వెళదాం. 1965. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ ఒకటి. టోనీకి పదిహేడేళ్లు. వెల్డింగ్ పని. పగలు ఫ్యాక్టరీ, రాత్రి గిటారు. ఒక బృందంతో కలిసి యూరప్‌లో కచేరీలు చేసే అవకాశం రావడంతో ఉద్యోగం మానేశాడు. ఆ రోజు ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక నేను తిరిగి వెళ్లనని అమ్మకు చెప్పాడు. అలా మధ్యలో వదిలేసి రాకూడదు, వెళ్లి పని పూర్తిచేసే రా అంది ఆవిడ. తల్లి అన్నాక ఆ మాటే అంటుంది. టోనీ వెళ్లాడు.

మామూలుగా రేకును వంచే ప్రెస్సు మిషన్ మీద మరో మనిషి పనిచేస్తాడు. అక్కణ్నుంచి వచ్చే ముక్కల్ని టోనీ వెల్డింగ్ చేస్తాడు. ఆ రోజు ఆ మనిషి రాలేదు. టోనీని అక్కడ నిలబెట్టారు. అలవాటు లేని మిషన్. అది కుడిచేతి మీదకు దిగింది. బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కోవడంతోనే రెండు వేళ్ల చివళ్లు తెగి మిషన్‌లోనే ఉండిపోయాయి.

గిటారు సంగతి మర్చిపొమ్మన్నారు డాక్టర్లు.

ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్న ఆ రోజుల్లో ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన చూడ్డానికొచ్చాడు. చేతిలో ఒక రికార్డు. వినమన్నాడు. సంగీతం పేరెత్తితేనే మండిపోతున్న కుర్రాడు వద్దన్నాడు. ఆయన పట్టుబట్టి వినిపించాడు. అద్భుతమైన గిటారు. ఆ తర్వాత చెప్పాడు: ఇది వాయించినవాడు రెండు వేళ్లతోనే వాయించాడు. జాంగో రైన్‌హార్ట్. 1928లో తాను నివసించే బండికి మంటలంటుకుని, ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయిన జిప్సీ కళాకారుడు. ఫ్యాక్టరీలో కార్మికుడి వేళ్లు పోతే కాగితాల మీద సంతకాలు చేయించుకునే పెద్దల్ని చూశాం గానీ, రికార్డు పట్టుకొచ్చిన పెద్దమనిషి గురించి నేనైతే ఇంకెక్కడా వినలేదు.

ఇక టోనీ తన వేళ్లను తానే తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు. గిన్నెలు తోముకునే ఫెయిరీ లిక్విడ్ ప్లాస్టిక్ సీసాను కరిగించాడు. ఉండ చేశాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో దానికి తొర్ర పెట్టాడు, వేలు దూరేంత. చల్లారాక గరుకు కాగితంతో గంటల తరబడి అరగదీసి వేలి ఆకారం తెచ్చాడు. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకుంటారే, అలాంటి తొడుగు. పెట్టుకుని చూస్తే తీగ మీద జారిపోతోంది. పాత తోలు జాకెట్‌లోంచి ముక్క కత్తిరించి దాని మీద అతికించాడు. ఇప్పుడు పట్టు దొరికింది.

కానీ ఆ తొడుగుకి స్పర్శ లేదు. తీగ ఎంత గట్టిగా నొక్కుతున్నాడో చెప్పడానికి చర్మం లేదు, చెవి ఒక్కటే ఆధారం. మందపాటి తీగల్ని ఆ వేళ్లతో వంచడం నరకం. అప్పట్లో సన్నటి గిటారు తీగలు దుకాణాల్లో దొరికేవి కావు. బాంజో తీగలు కొని గిటారుకు బిగించుకున్నాడు. కొన్ని స్వరగుచ్ఛాలు ఆ చేతికి అందవు. అందుకని రెండు తీగలు మాత్రమే నొక్కి, ఆ రెండింటినే యాంప్లిఫయర్‌తో బలంగా, నిండుగా పలికించే పద్ధతి పట్టుకున్నాడు. తర్వాతి కాలంలో హెవీ మెటల్ అని లోకం పిలిచిన ధ్వనికి పునాది అదే. పుస్తకాల్లో దాని గురించి చాలా సిద్ధాంతాలున్నాయి. నాకు మాత్రం ఆ సీసా చాలు.

* * *

ఈ నలుగురి ఊరు ఆస్టన్. బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీల మధ్య ఇరుకు పేట. 1967లో అమెరికాలో కాలిఫోర్నియా కుర్రకారు తలలో పూలు పెట్టుకుని, రంగురంగుల లైట్ల కింద సైకడెలిక్ సంగీతంలో తేలుతున్నప్పుడు ఆస్టన్‌లో సైరన్ మోగితే జనం షిఫ్టుకు పోయేవారు.

జాన్ ఆస్బోర్న్, అంటే ఆజీ, కబేళాలో పనిచేశాడు. కారు హారన్లు శ్రుతి చేసే పని చేశాడు. దొంగతనం చేసి దొరికాడు. జరిమానా కట్టడానికి తండ్రి ఒప్పుకోలేదు, బుద్ధి రావాలని. వారాల పాటు విన్సన్ గ్రీన్ జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక పాటగాడినని, మైకు సెట్టు సొంతంగా ఉందని రాసి ఒక మ్యూజిక్ షాపులో చీటీ పెట్టాడు. ఆ చీటీ చూసి టోనీ, డ్రమ్మర్ బిల్ వార్డ్ కలిసి ఆజీ ఇంటికి వెళ్లి తలుపు తట్టారు. తలుపు దగ్గరికొచ్చిన మనిషిని చూడగానే టోనీ ముఖం మారిపోయింది. బళ్లో తనకంటే ఒక తరగతి కింద చదివిన కుర్రాడు! వీడికి పాటేం వచ్చు, పద పోదాం అని బిల్‌ను లాక్కుపోయాడు. బళ్లో టోనీ తనను ఏడిపించేవాడని ఆజీ జీవితాంతం చెప్పుకున్నాడు. చివరికి ఆ మైకు సెట్టే కలిపిందో, రాతే కలిపిందో గానీ, కొన్నాళ్లకు మళ్లీ ఎదురుపడి ఒక బృందమయ్యారు.

నాలుగోవాడు గీజర్ బట్లర్. బాత్రూముల్లో నీళ్లు కాచే గీజర్‌కూ ఇతనికీ సంబంధం లేదు. వాళ్ల యాసలో గీజర్ అంటే మనిషి, ‘వాడు’ అని. అసలు పేరు టెరెన్స్. లెక్కల గుమాస్తాగా శిక్షణ పొందుతూ మానేసిన వాడు, బాగా చదువుకునే వాడు. ఈ బృందంలో పాటల సాహిత్యం చాలావరకు ఇతనిదే.

మొదట వాళ్ల పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్. తర్వాత ఎర్త్. 1968 చివర్లో టోనీని జెత్రో టల్ అనే పెద్ద బృందం తీసుకుపోయింది. కొద్ది వారాల్లో తిరిగొచ్చేశాడు. ఒక్కడే రాలేదు, అక్కడి క్రమశిక్షణ వెంట తెచ్చాడు. ఇక మీదట పొద్దున్నే తొమ్మిదింటికి ప్రాక్టీసు. తొమ్మిదంటే తొమ్మిదే. రాక్ బృందాల చరిత్రలో ఇది ఎంత అపురూపమో ఆ బృందాల గురించి చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ వదిలినా హాజరుపట్టీ వదల్లేదు.

ప్రాక్టీసు చేసే చోటికి ఎదురుగా సినిమా హాలు. అక్కడ దయ్యాల సినిమాలకు జనం వరసలు కట్టేవారు. భయపడ్డానికి జనం డబ్బులిచ్చి మరీ వెళ్తున్నారే, భయపెట్టే పాటలు మనమెందుకు కట్టకూడదన్న ఆలోచన అక్కడ పుట్టింది. విఠలాచార్య సినిమాలకు టికెట్లు చింపిన మన హాళ్లవాళ్లను అడిగితే ఈ సూత్రం ముందే చెప్పేవారు. ఎర్త్ పేరుతో మరో బృందం ఉందని తెలిసి పేరు మార్చాల్సొచ్చినప్పుడు, బోరిస్ కార్లాఫ్ నటించిన 1963 నాటి సినిమా పేరే పెట్టేసుకున్నారు. బ్లాక్ సబాత్.

* * *

ఆ పేరుతోనే ఒక పాట కట్టారు. దాని పుట్టుక గురించి గీజర్ చెప్పే కథ ఇది. ఆ రోజుల్లో అతనికి మంత్రతంత్రాల పుస్తకాల పిచ్చి. గదికి నల్లరంగు వేశాడు. ఆజీ ఎక్కడో సంపాదించిన పాత పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. ఆ రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం కాళ్ల దగ్గర నల్లటి ఆకారం నిలబడి తనవైపే చూస్తోంది. హడలిపోయాడు. అల్మారాలో పెట్టిన పుస్తకం కోసం చూస్తే లేదు. కల అనండి, ఇంకేదైనా అనండి. ఆ సంగతి విన్న ఆజీ మాటలు కట్టాడు. ఆ పాటలో మంత్రగాడి గొప్పలేవీ ఉండవు. భయంతో వణికిపోతూ దేవుడా కాపాడమని మొరపెట్టుకునే మనిషి గొంతు అది. ఆ బృందాన్ని సైతాను భక్తులని తిట్టినవాళ్లు ఆ పాట వినలేదనే అనుకోవాలి.

బాణీ సంగతి ఇంకా రుచికరం. హోల్స్ట్ అనే ఇంగ్లీషు స్వరకర్త గ్రహాల మీద రాసిన వాద్యరచనలో ‘మార్స్’ అనే భాగం ఉంది. గీజర్ దాన్ని బేస్ గిటారు మీద సరదాగా వాయిస్తుంటే టోనీ చెవిన పడింది. మర్నాడు టోనీ చేతిలోంచి మూడు స్వరాలు వచ్చాయి. మన భాషలో చెబితే: కింది షడ్జమం. దాని తర్వాత పై షడ్జమం. అక్కణ్నుంచి దిగి ప్రతిమధ్యమం మీద నిలబడి, దాన్ని కంపింపజేయడం. మళ్లీ మొదటికి. అంతే పాటంతా, చివర్లో పరుగందుకునే దాకా.

షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని యూరప్ వాళ్లు ‘సంగీతంలోని సైతాను’ అన్నారు. చర్చి దాన్ని నిషేధించిందని కూడా కథలు కథలుగా చెబుతారు, ఆధారమైతే లేదు. మనకు చూస్తే 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 37 నుంచి 72 దాకా, ప్రతిమధ్యమంతోనే నడుస్తాయి. 65వ మేళం కల్యాణి. పెళ్లి పందిట్లో నాదస్వరం మీద మంగళంగా మోగే రాగంలోనూ ఉన్నది ఆ స్వరమే. సైతాను ఎక్కడ? నా మటుకు నాకు అనిపించేది ఇది. కల్యాణిలో ప్రతిమధ్యమానికి పక్కనే పంచమం ఉంటుంది, చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేర్చడానికి. టోనీ ఆ పంచమం మీద కాలు నిలపలేదు. స్వరాన్ని నడి ఏట్లో వదిలేశాడు. భయం అక్కణ్నుంచి వచ్చింది.

* * *

ఇక స్టూడియోకి తిరిగి వెళదాం. నిర్మాత రోడ్జర్ బేన్. సౌండ్ ఇంజనీరు టామ్ ఆలమ్. టేపు మీద నాలుగే ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసుకోడానికి నాలుగే దారులు. ఖర్చు దాదాపు 600 పౌండ్లు. సమయం సుమారు పన్నెండు గంటలు. ఒక్క షిఫ్టు.

ముగ్గురూ ఒక గదిలో ఎదురెదురుగా. ఆజీ పక్కన చిన్న గదిలో, మైకు ముందు. వాళ్లు వాయిస్తుంటే అప్పుడే పాడాడు. ‘ద విజర్డ్’లో మౌతార్గాన్ కూడా అతనిదే. క్లబ్బుల్లో, జర్మనీలోని హాంబర్గ్‌లో స్టార్ క్లబ్ వేదిక మీద రోజూ గంటల తరబడి వాయించి అరగదీసిన పాటలే ఇవి. వేదిక మీద వాయించినట్టే వాయించారు. ‘వార్నింగ్’ అనే పాటలో టోనీ గిటారు వదిలేస్తే ఎటెటో వెళ్లిపోయింది, దాన్ని తర్వాత కత్తిరించాల్సొచ్చింది. కత్తిరించినా పది నిమిషాలు మిగిలింది. సైకడెలిక్ అనే మాట ఈ రికార్డుకు నిజంగా వర్తించేది ఇక్కడే. కాలిఫోర్నియాలో ఆ సాగతీత గాల్లో తేలిస్తే, ఇక్కడ అదే సాగతీత మెడకు ఇనుప గుండు కట్టినట్టు కిందికి లాగుతుంది. రెండూ మత్తే.

ఒక్క రోజంటే ఎక్కువ సమయమే అనుకున్నామని టోనీ తర్వాత చెప్పాడు. మర్నాడు స్విట్జర్లాండ్‌లో ఇరవై పౌండ్ల కచేరీకి వెళ్లిపోయారట. వాన, ఉరుములు, చర్చి గంట చేర్చి ఆల్బమ్‌కు ఆ మొదలు పెట్టింది స్టూడియోలో మిగిలినవాళ్లు. అట్ట మీద బొమ్మ కూడా ముందు బృందం చూడలేదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో థేమ్స్ ఒడ్డున మేపుల్‌డరమ్ అనే పాత నీటి మర ఉంది. కీఫ్ అనే ఫొటోగ్రాఫర్ చలి వణికించే తెల్లవారుజామున ఒక అమ్మాయిని నల్లటి అంగీ వేయించి దాని ముందు నిలబెట్టాడు. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము వాడాడు. ఆ ఫిల్ములో పచ్చదనం పచ్చగా రాదు, జబ్బు చేసిన గులాబీ రంగులోకి తిరుగుతుంది. అట్ట తెరిస్తే లోపల తలకిందుల శిలువ బొమ్మ. అది చూసి నలుగురూ గతుక్కుమన్నారు. మెడలో వాళ్లు వేసుకునే శిలువలు నిటారువే. రాత్రి షిఫ్టులో పనిముట్లు చేసే ఆజీ నాన్న అల్యూమినియంతో చేసిచ్చినవి.

1970 ఫిబ్రవరి 13. శుక్రవారం. ఆ తేదీ, ఆ వారం కలిస్తే అపశకునమని వాళ్ల నమ్మకం. ఆ రోజే వెర్టిగో కంపెనీ నల్లటి డిస్కును మార్కెట్లోకి వదిలింది.

వెర్టిగో అంటే కళ్లు తిరగడం. ఆ పేరుకు తగ్గట్టే డిస్కు మధ్యలో తెలుపు నలుపు వలయాల లేబుల్. మొదటి వైపు పాటల పేర్లు కూడా ఉండవు, లేబులంతా వలయాలే. ప్లేయర్ మీద పెట్టి నిమిషానికి ముప్పై మూడు చుట్ల వేగంతో తిప్పితే ఆ వలయాలు లోపలికి కుంగుతున్నట్టు, బావిలోకి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. సూది దిగగానే చిన్న చిటపట. తర్వాత వాన. ఒకసారి రాత్రిపూట నేను ఆ రికార్డు పెడితే, పక్క గదిలోంచి మా అమ్మ లేచి మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి మెట్లెక్కింది. ఆకాశం నిండా చుక్కలు. కిందికొచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ వాన తర్వాత దూరంగా గంట. ఆ తర్వాత ఆ మూడు స్వరాలు. అవి రావడంతో ఆవిడ తిట్లు ఆపి, ఇదేం పాటరా, ఎవరో పోయినట్టుంది అంది. ఆ రికార్డు మీద ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు.

అచ్చులో వచ్చిన సమీక్షలు మాత్రం ఉతికి ఆరేశాయి. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దాన్ని క్రీమ్ బృందానికి నాసిరకం నకలుగా కొట్టిపారేశాడు. రేడియోలూ అంతగా పట్టించుకోలేదు. కొన్నది కుర్రకారు. బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో 8వ స్థానం, అమెరికాలో విడుదలయ్యాక అక్కడ 23వ స్థానం. అదే ఏడు సెప్టెంబరులో రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది.

తర్వాత కథ లోకానికి తెలిసిందే. డబ్బు, మత్తుమందులు, తగాదాలు, విడిపోవడాలు, కలవడాలు. అదంతా మరోసారి చెప్పుకోవాల్సిన గాథ.

2025 జులై 5న ఆ నలుగురూ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో, ఇరవై ఏళ్ల తర్వాత ఒకే వేదిక మీదికొచ్చారు. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని ఆజీ నల్లటి సింహాసనంలో కూర్చుని పాడాడు. 77 ఏళ్ల టోనీ కుడిచేతి రెండు వేళ్లకూ తొడుగులున్నాయి. నాలుగు పాటలు వాయించారు. అందులో రెండోది ‘ఎన్.ఐ.బి.’. 1969లో ఆ గురువారం, ఆ ఒక్క షిఫ్టులో టేపుకెక్కిన పాట. పదిహేడు రోజుల తర్వాత, జులై 22న, ఆజీ చనిపోయాడు. వయసు 76.